మీకు తెలుసా? రెండు లక్షలతో పదిహేను కోట్లు!

2021 జనవరి 7న ఎలాన్ మస్క్ 'సిగ్నల్' వాడమని ఒక ట్వీట్ పెట్టాడు. ఆయన చెప్పింది వాట్సాప్‌కు పోటీగా ఉన్న మెసేజింగ్ యాప్ గురించి. దాన్ని నడిపేది లాభాపేక్ష లేని సంస్థ, కాబట్టి కొనడానికి షేర్లే లేవు. కొనాలనుకున్నవాళ్లు ఆగుతారా? వెతికితే టెక్సాస్‌లో సిగ్నల్ అడ్వాన్స్ అనే బుల్లి కంపెనీ తగిలింది. దానికీ యాప్‌కూ ఏ చుట్టరికమూ లేదు. అయినా 60 సెంట్ల షేరు మూడు ట్రేడింగ్ రోజుల్లో 38 డాలర్లు దాటేసింది.

పేరు చూసి మోసపోయారు, సరే. మోసపోయినంత మాత్రాన ధర అరవై రెట్లు ఎలా పెరుగుతుంది? ఇదే పొరపాటు రిలయన్స్ షేరులో జరిగితే ధర కదిలేది కూడా కాదు. కిటుకంతా అమ్మకానికి ఉన్న సరుకు ఎంతన్నదాంట్లో ఉంది.

మీ ట్రేడింగ్ యాప్‌లో ఏదైనా చిన్న ఐటీ కంపెనీ పేరు నొక్కి 'మార్కెట్ డెప్త్' తెరిచి చూడండి. ఒకపక్క కొంటామనేవాళ్లు అయిదు వరసలు, మరోపక్క అమ్ముతామనేవాళ్లు అయిదు వరసలు కనిపిస్తాయి. ఊహకు ఒక లెక్క వేద్దాం. ఆఖరి ధర 100 రూపాయలు. అమ్మేవాళ్ల వైపు 101 దగ్గర 200 షేర్లు, 103 దగ్గర 350, 106 దగ్గర 150, 110 దగ్గర 500, 115 దగ్గర 800 ఉన్నాయి. అన్నీ కలిపి రెండు వేలు. ఎవరో ఒకాయన ధర చూడకుండా రెండు వేల షేర్లకు 'మార్కెట్ ఆర్డర్' కొట్టాడు. వరసలన్నీ ఊడ్చుకుపోయి ఆఖరి ధర 115 అయి కూర్చుంటుంది. ఆయన ఖర్చు 2,19,150 రూపాయలు. కంపెనీకి మొత్తం కోటి షేర్లున్నాయనుకుంటే, నిన్నటి వంద కోట్ల కంపెనీ ఇవాళ 115 కోట్లది. రెండు లక్షల చిల్లరకు పదిహేను కోట్ల 'సంపద' పుట్టుకొచ్చింది! మర్నాడు ఆయనే అదే పద్ధతిలో అమ్మితే అది వచ్చిన దారినే పోతుంది కూడా.

కోటి షేర్లున్న కంపెనీలో అమ్మకానికి రెండు వేలేనా అనకండి. మన దేశంలో ప్రమోటర్లు 75 శాతం దాకా తమ దగ్గరే ఉంచుకోవచ్చు. మిగిలిన పాతికలోనూ కొంత ఎన్నటికీ అమ్మనివాళ్ల డీమ్యాట్ ఖాతాల్లో పడి ఉంటుంది. నిత్యం చేతులు మారేది ఆపైన మిగిలిందే. ముహూర్తాల రోజున మార్కెట్‌కు నాలుగు బుట్టల మల్లెపూలే వస్తే మూర ఎంత పలుకుతుందో మనకు తెలియనిదా!

ధరను కుదిపే నిజమైన కారణాలూ ఉంటాయి. చిన్న టెక్ కంపెనీకి అన్నిటికంటే పెద్ద గండం ఒక్క కస్టమర్ మీదే ఎక్కువగా ఆధారపడటం. బ్రిటన్‌లోని ఇమాజినేషన్ టెక్నాలజీస్ ఐఫోన్లలో వాడే గ్రాఫిక్స్ డిజైన్లు ఇచ్చేది. దాని రాబడిలో సగం దాకా ఆపిల్ నుంచే. రెండేళ్లలోపు మీ డిజైన్లు వాడటం మానేస్తామని ఆపిల్ చెప్పినట్టు ఆ కంపెనీ 2017 ఏప్రిల్ 3న ప్రకటించింది. ఆ ఒక్కరోజే షేరు 60 శాతానికి పైగా కూలింది. కొన్ని నెలలకే కంపెనీ చేతులు మారింది. ఆర్డరు వచ్చిందన్న వార్తకు సంబరపడేవాళ్లు వార్షిక నివేదికలో 'ప్రధాన కస్టమర్లు' అన్న పేరా కూడా చూస్తే మంచిదని నా అభిప్రాయం. ఎవరూ చదవని పేరా అదే.

ఏ వార్తా లేకుండానే కొత్తగా ఐపీఓకు వచ్చిన షేరు పడిపోయిందా? క్యాలెండర్ చూడండి. యాంకర్ ఇన్వెస్టర్ల, అంటే ఐపీఓ తెరవడానికి ముందే షేర్లు తీసుకునే పెద్ద సంస్థల షేర్లలో సగానికి 30 రోజులు, మిగతా సగానికి 90 రోజులు లాక్-ఇన్ ఉంటుంది, అంటే అప్పటిదాకా అమ్మకూడదు. తాళం తీసే రోజు ముందే తెలుసు కాబట్టి, కొందరు అంతకుముందే జారుకుంటారు.

ఇక సర్క్యూట్ల సంగతి. మన ఎక్స్ఛేంజీల్లో ధర పెరగడానికీ తగ్గడానికీ షేరును బట్టి రోజుకు 2, 5, 10, 20 శాతం పరిమితులుంటాయి. ఇవి మదుపరిని కాపాడతాయని అందరి నమ్మకం. కొంతవరకు నిజమే. కానీ లోయర్ సర్క్యూట్, అంటే కింది పరిమితి తాకిన షేరులో అమ్మేవాళ్లే తప్ప కొనేవాడు ఉండడు. 5 శాతం పరిమితి ఉన్న షేరు వరసగా పది రోజులు అలా పడితే వంద కాస్తా అరవై అవుతుంది. దారిలో ఎక్కడా దిగే వీలు దొరకదు. డెరివేటివ్స్ ఉన్న పెద్ద షేర్లకు ఈ స్థిర పరిమితి లేదు. అందుకే 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకున్న లేఖ బయటికొచ్చిన రోజు, అంతకుముందు 180 రూపాయల దరిదాపుల్లో ఉన్న సత్యం షేరు సాయంత్రానికి 40కి వచ్చేసింది. హైదరాబాద్‌లో ఆ రోజును మరిచిపోయిన ఐటీ ఉద్యోగి ఉండడు. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల వివరాలు బయటపెట్టాలన్న నిబంధనను మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తెచ్చింది ఆ దెబ్బతోనే. తాకట్టు ఎక్కువైతే ధర కాస్త తగ్గగానే అప్పులిచ్చినవాళ్లు అమ్మేస్తారు, అమ్మిన కొద్దీ ఇంకా తగ్గుతుంది.

పేరు మార్చుకుంటే ధర పెరుగుతుందా? 1998-99లో పేరు చివర డాట్‌కామ్ తగిలించుకున్న 95 అమెరికా కంపెనీలను ముగ్గురు పరిశోధకులు పరిశీలించారు. ప్రకటన చుట్టూ ఉన్న పది రోజుల్లో వాటి షేర్లు మార్కెట్ కంటే 74 శాతం ఎక్కువ పెరిగాయి. నెట్ వ్యాపారం ఎంత ఉందన్నదాంతో సంబంధమే లేదు! మన దగ్గర ఇప్పుడైతే అంత సులువు కాదు. కొత్త పేరు సూచించే వ్యాపారం నుంచి గడిచిన ఏడాది రాబడిలో కనీసం సగం వచ్చి ఉండాలి, లేదా కంపెనీ ఆస్తుల్లో కనీసం సగం ఆ వ్యాపారంలో పెట్టి ఉండాలి.

ఇంకో ముచ్చట, ఇది కాస్త పెద్దది. కాలిఫోర్నియాలో ఎమ్యులెక్స్ అనే నెట్‌వర్క్ పరికరాల కంపెనీ ఉండేది. దాని షేరు పడుతుందని పందెం కట్టి, అది పెరగడంతో లక్ష డాలర్ల దాకా పోగొట్టుకున్న 23 ఏళ్ల కాలేజీ కుర్రాడు ఒకడు ఉన్నాడు. గతంలో తాను పనిచేసిన ప్రెస్ రిలీజుల సంస్థకే దొంగ ప్రకటన పంపాడు. సీఈఓ రాజీనామా చేశాడని, లాభాలు నష్టాలుగా తేలాయని, దర్యాప్తు నడుస్తోందని. 2000 ఆగస్టు 25 ఉదయం పేరున్న వార్తాసంస్థలు కూడా దాన్ని ఎత్తుకున్నాయి. వంద డాలర్లకు పైన ఉన్న షేరు పావుగంటలో 43కి జారింది. నాస్‌డాక్ ట్రేడింగ్ ఆపింది. వార్త అబద్ధమని తేలాక మధ్యాహ్నం మళ్లీ మొదలైంది, షేరు 105 డాలర్ల పైన ముగిసింది. కుర్రాడికి రెండు లక్షల నలభై వేల డాలర్ల లాభం, వారంలోపే అరెస్టు, ఆ తర్వాత 44 నెలల జైలు.

మరి ఆ పావుగంటలో అమ్మినవాళ్ల మాటేమిటి? ధర ఫలానా స్థాయికి పడితే అమ్మేయమని జాగ్రత్త కోసం ముందే 'స్టాప్ లాస్' పెట్టుకున్నవాళ్ల షేర్లు వాళ్లకు తెలియకుండానే అయినకాడికి అమ్ముడుపోయాయి. ఆ లావాదేవీలను నాస్‌డాక్ రద్దు చేయలేదు. మదుపరుల నష్టం దాదాపు 11 కోట్ల డాలర్లని తర్వాత లెక్క తేలింది.