పార్కు ఎవరిది?

పార్కు అంటే ఏమిటి? చెట్ల నీడ, కూర్చోవడానికి బల్లలు, పిల్లలు ఆడుకోవడానికి చోటు. అంతేనా? కాదు. పార్కుల్లో చాలా రకాలున్నాయి.

ఒకప్పుడు పెద్ద తోటలన్నీ రాజులవి, జమీందార్లవి. చుట్టూ గోడ. గేటు దగ్గర కాపలా. కూలీనాలీ చేసుకునేవాళ్లకు లోపలికి దారి లేదు.

ఇంగ్లండులో బర్కెన్‌హెడ్ అనే ఊరుంది. అక్కడ ప్రజల సొమ్ముతో పార్కు వేశారు. 1847లో అందరికీ తెరిచారు. అమెరికాలోని న్యూయార్కు నగరం కూడా పెద్ద పార్కు వేసింది. కానీ దానికోసం అక్కడ కాపురముంటున్న పేదలను, నల్లజాతివాళ్లను 1857 నాటికి ఖాళీ చేయించారు. పార్కు మంచిదే. ఒకరి గూడు తీసి ఇంకొకరికి నీడ ఇవ్వడం మంచిదేనా?

మన దగ్గర చూద్దాం. మాడుగుల వెనక కొండలకు అవతల అరకు లోయ ఉంది. అక్కడి పద్మాపురం తోటలో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికులకు కూరగాయలు పండించేవారు. ఇప్పుడు అది పూలతోట. జనం చూడటానికి వెళ్తారు.

విశాఖపట్నంలో కైలాసగిరి కొండమీది పార్కు. అక్కడినుంచి సముద్రం కనిపిస్తుంది. జంతువులను చూపించేది జూ పార్కు. విశాఖ జూ 1977లో మొదలైంది. దాని విస్తీర్ణం 625 ఎకరాలు.

ఇంకో రకం జాతీయ పార్కు. ఇది తోట కాదు, అడవి. ఇక్కడ చెట్లు కొట్టకూడదు, వేటాడకూడదు. లోకంలో మొదటిది అమెరికాలోని ఎల్లోస్టోన్. ఏర్పడింది 1872లో. గోదావరి ఒడ్డున పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయ్యాయి. ఆ కొండల్లో కొండరెడ్లు, కోయలు తరతరాలుగా బతుకుతున్నారు. అడవిలో బతికేవాళ్ల హక్కులను గుర్తించడానికి 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. జంతువులను కాపాడాలి. మనుషులనూ కాపాడాలి.

మన రాజ్యాంగం 15వ అధికరణం ఒక సంగతి చెబుతుంది. సర్కారు సొమ్ముతో నడిచే బావి, చెరువు, స్నానాల రేవు, రోడ్డు, జనం చేరే చోటు, ఇవి అందరివీ. కులం, మతం పేరుతో గానీ, ఆడా మగా అని గానీ ఎవరినీ ఆపకూడదు. పార్కుకూ ఇదే మాట.

పల్లెలో పార్కు లేకపోవచ్చు. రావిచెట్టు కింద రచ్చబండ ఉంటుంది. చెరువు గట్టు ఉంటుంది. బడి ఆటస్థలం ఉంటుంది. ఇవీ ఊరుమ్మడి చోట్లే. ఎవరైనా ఆక్రమిస్తే గ్రామసభలో అడగవచ్చు. ఊళ్లో ఓటున్న ప్రతివాళ్లూ గ్రామసభ సభ్యులే. ఆడవాళ్లూ సభ్యులే.

ఆలోచించండి, మాట్లాడుకోండి:
1. మీ ఊళ్లో ఉమ్మడి చోట్లు ఏవి? పేర్లు రాయండి.
2. అక్కడ ఆడవాళ్లు, పిల్లలు తీరిగ్గా కూర్చోగలుగుతున్నారా? లేకపోతే ఎందుకు?