శస్త్రచికిత్సకు ముందు చుట్ట మానుట

"కుప్పలు నూర్చిన పిమ్మట ఆపరేషను చేయించుకొందము" అని మన రైతులు వాయిదా వేయుట వాడుక. హెర్నియా మున్నగు వ్యాధులు ముదిరి ప్రమాదస్థితికి రానపుడు వైద్యులును సమ్మతింతురు. పొగత్రాగు సభ్యులు ఈ నడుమ దొరకు నాలుగైదు వారములను వృథాపుచ్చరాదని మేము మనవి చేయుచున్నాము.

చుట్ట కాల్చినచో నొప్పి తగ్గునని పలువురి నమ్మకము. ఇందు కొంత నిజము లేకపోలేదు. పొగాకులోని నికోటిను కొలదిసేపు నొప్పిని మందగింపజేయును. కాని రక్తములో నది రెండు గంటలకే యించుమించు సగమునకు దిగును. ఏండ్లకొలది త్రాగినవారి నాడులు దానికి మరగి, అది యందని వేళ నొప్పిని హెచ్చుగా తెలుపును. శస్త్రచికిత్సానంతరము పొగత్రాగువారిలో ననేకులకు బాధ యెక్కువగా నుండుటయు, మార్ఫియావంటి మందులు హెచ్చు మోతాదున వలసివచ్చుటయు వైద్యులు గమనించియున్నారు.

ఇంతటితో పోదు. పొగవలన శ్వాసనాళములలో కఫము పేరుకొనును. కడుపు కోసిన మరునాడు దగ్గు వచ్చినచో కుట్లు లాగి ప్రాణము కడబట్టును. ఆ బాధకు వెరచి రోగి దగ్గుటయు, గట్టిగా నూపిరి తీయుటయు మానును. అంతట కఫము నిలిచి న్యుమోనియా కలుగవచ్చును. మార్ఫియా జాతి మందులు శ్వాసను మందగింపజేయును గనుక వైద్యుడు మోతాదు పెంచుటకు వెనుకాడును. మఱియు పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తములో ప్రాణవాయువు స్థానము నాక్రమించును. నికోటిను సన్నని రక్తనాళములను కుదించును. కావున పుండు మానుట, ఎముక అతుకుట ఆలస్యమగును. పుండు మానునందాక నొప్పియు వదలదు.

ఇక చేయవలసిన దేమి? శస్త్రచికిత్సకు నాలుగు వారములు ముందుగా మానినచో ఉపద్రవములు తగ్గునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించినది. అంత వ్యవధి లేకున్నను నిరాశ వలదు. ఒక్క దినము మానినను రక్తములోని ఆ విషవాయువు చాలవరకు తొలగును. మానినపుడు చిరాకు, నిద్రలేమి కలుగుట సహజము. వైద్యుని సలహాపై నికోటిను చూయింగ్ గమ్మును గాని, చర్మముపై నంటించు పట్టీని గాని వాడవచ్చును. 1800-11-2356 నెంబరునకు ఫోను చేసిన ఉచితముగ సలహా లభించును.

మత్తుమందిచ్చు వైద్యునకు దినమున కెన్ని త్రాగుదురో దాచక చెప్పవలయును. ఉత్తరాంధ్ర తీరమున అడ్డపొగ త్రాగు మన ఆడపడుచులు, వైద్యుడు అడుగకున్నను, తామే తెలుపుట మేలు. రోగికి సాయము పోవు బంధువులు బీడీకట్టను ఇంటనే విడిచి పోవుదురుగాక!

పొగాకు పండించుట మనలో కొందఱకు జీవనాధారము. దానిని ఊపిరితిత్తులలో నింపుకొనుట ఎవరికిని ఆధారము కాదు. పంట కోతకు దినము నిర్ణయించుకొనునట్లే, చుట్ట మానుటకును దినము నిర్ణయించుకొనుడు.