విశాఖ వెళ్లినప్పుడు ఏమి కొని తెస్తున్నాము?

పల్లెల నుండి విశాఖపట్నం వచ్చే కుటుంబాలు అనేకం. కొందరు కూటములకు వస్తారు. కొందరు వైద్యానికి, మరికొందరు స్టీలు ప్లాంటులోనో, పోర్టులోనో పనిచేసే బిడ్డలను చూడడానికి వస్తారు. ఉత్త చేతులతో ఇల్లు చేరడం మనకు అలవాటు లేదు గదా! తిరిగి వెళ్లేటప్పుడు పిల్లలకు ఏదో ఒకటి కొంటారు. ఎక్కువగా కొనేది ఏ సంతలోనైనా దొరికే ప్లాస్టిక్ బొమ్మే.

ఈ ప్రాంతపు చేతిపనిని కూడా ఒకసారి చూడండి. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక గ్రామమున్నది. ఒకప్పుడు విశాఖ జిల్లాలోని ఆ ఊరు 2022 నుండి అనకాపల్లి జిల్లాలో ఉన్నది. అక్కడ అంకుడు కర్రను ఆరబెట్టి, మిషను మీద తిప్పుతూ ఉలితో మలుస్తారు. తిరిగే కర్రకు రంగు కలిపిన లక్కను ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి బొమ్మకు పట్టుకుంటుంది. పసుపు, నీలిమందు వంటి చెట్ల రంగులతో చేసినదేనా అని అడిగి కొనండి. పసిబిడ్డలు దేనినైనా నోట పెట్టుకుంటారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. చెట్ల రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అలాగే మన్యంలో గిరిజన రైతులు పండించే అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

అయితే కొనే విధానం గురించి ఒక మాట. కొనేటప్పుడు సరుకును తీసిపారేసి, అవతలికి వెళ్లి తన బేరాన్ని మెచ్చుకునే మనిషిని గురించి సామెతలు 20:14లో చదువుతాము. మన ధాన్యాన్ని చేతిలోకి తీసుకొని "తేమ ఉంది, తాలు ఉంది" అని దళారి ధర తగ్గిస్తే మన కడుపు ఎంత మండుతుంది! అదే మాట మనం బొమ్మలు చేసేవానితో అనవచ్చునా? మందిరంలో కానుక వేసిన చేతితోనే బీదవాని కూలి కోయవచ్చునా?

దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపినది కర్ర చెక్కే పనికి కూడా అని నిర్గమకాండము 31వ అధ్యాయం చెబుతున్నది. మన ప్రభువు నజరేతులో వడ్లవాడు. ఆయన చేతిపనికి ఎవరైనా సగం ధర కట్టి ఉంటే మనకు ఎలా ఉంటుంది?

అప్పు చేసి కొనమని నేను చెప్పడం లేదు. మన చేతిలోనూ డబ్బు కొద్దే. ఎంత ఖర్చు పెట్టగలమో ముందే అనుకోండి. ధర ఎక్కువనిపిస్తే వస్తువును నిందించక, మర్యాదగా చెప్పి రండి. చిన్న బొంగరం ఒక్కటైనా చాలు. ఇంటికి వచ్చి దానిని ఎవరు, ఎలా చేశారో పిల్లలకు చెప్పండి. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ పనివారిని కూడా జ్ఞాపకం చేసుకోండి.

ప్రభువు మీ రాకపోకలను దీవించును గాక. ఆమేన్.