బొంత కుట్టుట, కూడి కుట్టుట

బొంత యనగానే మనలో కొందరికి చులకన. బీదవాని పక్క యనియు, చింకిగుడ్డల మూట యనియు దానిని తేలిక చేసి మాటలాడుదురు. కాని ఈ మాటలు వినుచున్న పెద్దలలో బాల్యమున బొంతమీద పరుండనివా రెందరుందురు? కట్టి కట్టి మెత్తబడిన నూలుచీరలను పొరలుగా పరచి మన తల్లులు కుట్టిన ఆ పక్కబట్టను గూర్చియు, దానిని నలుగురు కూడి కుట్టు వాడుకను గూర్చియు, ఆ నలుగురు తలకొక ఊరికి చేరినప్పుడు ఏమి చేయవచ్చునో దానిని గూర్చియు నేడు కొంత చెప్పదలచితిని.

ముందుగా బొంత లెక్క చెప్పెదను. చీర పొడవు సుమారు 5.5 మీటర్లు. దానిని మూడు భాగములుగా మడచినచో ఇంచుమించు ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కొంచెము తక్కువ వెడల్పు గల మూడు పొరలు వచ్చును. రెండు చీరలున్న ఆరు పొరల బొంత యగును. మనకు వెచ్చదన మిచ్చునది గుడ్డ మాత్రమే కాదు. పొరకును పొరకును నడుమ చిక్కి, కదలక నిలిచిన గాలి. ఒంటి వేడిని అది బయటికి త్వరగా పోనీయదు.

గుడ్డ నూలుదై యుండవలెను. పాలియెస్టరు చీరను నూలుతో కలుపరాదు. ఉతికినప్పుడు నూలు కుదించుకొనును, పాలియెస్టరు అంతగా కుదించుకొనదు. కొన్ని ఉతుకులకే బొంత ముడుతలు పడును. నిప్పు తగిలినచో పాలియెస్టరు కరగి ఒంటికి అంటుకొనును గూడ. క్రొత్త నూలుగుడ్డ వేయదలచినవారు దానిని ముందుగా తడిపి ఆరవేసి, కుదింపు తీరిన పిమ్మట వాడవలెను.

పరచుటలోనే పని యంతయు ఉన్నది. చాపమీద పొరలు పరచి, నలుగురు నాలుగు మూలలు పట్టి లాగి, అరచేతితో ముడుతలను నడుమనుండి అంచులకు త్రోయవలెను. పిమ్మట నడుమనుండియే మొదలిడి పెద్ద పెద్ద టాకాలు వేయవలెను. అంచునుండి మొదలిడినచో మిగులుగుడ్డ అంతయు నడుమకు చేరి ఉబ్బును. టాకాలైన తరువాత సూదిని పైకి, క్రిందికి దించుచు పోవు సాదాకుట్టే చాలును. దారము మూరన్నరకు మించినచో చిక్కుపడును. అంగుళమున కొక వరుస చొప్పున 45 వరుసలు వచ్చును. ఒక్కొక్క వరుస 72 అంగుళములు. అంగుళమునకు మూడు పోట్లనుకొన్నను మొత్తము 9,720 పోట్లు. ఇంచుమించు పదివేలు!

ఈ పదివేల పోట్లే ఒంటరిగా కూర్చున్నదానికి విసుగు పుట్టించును. కనుకనే మా పెద్దలు మధ్యాహ్నము వంటిల్లు సర్దుకొని, ఒకరి అరుగుమీద కూడి, తలకొక అంచున కూర్చుండి కుట్టెడివారు. పెండ్లిమాటలు, పొలముమాటలు, అత్తల ఆరళ్లు అన్నియు అక్కడనే. కష్టములోనున్న ఇల్లాలు కన్నెత్తి ఎవరిని చూడనక్కరలేకయే, సూదివంక చూచుచు తన బాధ చెప్పుకొనెడిది. బొంతతో బాటు మనస్సు గూడ ఒక దారికి వచ్చెడిది.

తెనాలి దాపున మా పుట్టినూరిలో నేనును, నా మేనమామ కూతురును, పొరుగింటి నేస్తమును ఇట్లు కలసి కుట్టు నేర్చినవారము. మేనమామ కూతురు మా అన్నగారిని పెండ్లాడి నాకు వదిన యయ్యెను. నేను హైదరాబాదు చేరితిని. నేస్తము కూతురివద్ద అమెరికాలోని డల్లాసు నగరమున ఉన్నది. వదిన ఒక్కతెయే ఊరిలో మిగిలెను.

2019 చివర మా అన్నగారు గతించిరి. ఆయన ఉతికిన పంచెలు నాలుగు పెట్టెలో ఉండిపోయినవి. వదిన వానిని ఎవరికిని ఇయ్యలేదు, తీసి చూడను లేదు. 2020 మార్చి 25 నుండి దేశమంతట రాకపోకలు నిలిచినవి. నేను వెళ్లి ఆమెవద్ద నాలుగు దినము లుండుటకైనను వీలు లేకపోయెను. ఫోనులో పలుకరించినచో "తిన్నాను, ఉన్నాను" అనుటయే గాని వేరు మాట లేదు. ఒకనాడు మాత్రము, "ఈ పంచెలు ఇవ్వలేను వదినా, ఉంచుకుని చూడనూ లేను. ఏం చెయ్యమంటావు?" అని అడిగెను. "బొంత కుడదాం. నేనిక్కడ ఒకటి, నువ్వక్కడ ఒకటి" అంటిని. డల్లాసులోని నేస్తము మూడవది తాను కుట్టుదు ననెను.

పోయినవారి బట్టలు ఇంట నుంచరాదని మా పెదనాన్నగారు అభ్యంతరము చెప్పిరి. ఆయన మాట త్రోసిపుచ్చదగినది కాదు. చివరినాడు అన్నగారి ఒంటిమీదనున్న బట్టను ఆచారము ప్రకారము ఇచ్చివేసితిమి గదా, ఇవి ఉతికి మడచినవి, కొడుకులు కట్టుకొన్న తప్పు కానప్పుడు భార్య కప్పుకొన్న తప్పేమని వదినయే వినయముతో అడిగెను. ఆయన బదులు చెప్పక లేచిపోయిరి. ఆ వారమే, నాలుగేండ్ల క్రిందట పోయిన మా పెద్దమ్మ నూలుచీరలు రెండు పనివాని చేత వదినకు పంపిరి.

కూడి కుట్టుట ఇట్లు జరిగినది. శని, ఆదివారములలో మాకు ఉదయము 7 గంటలు. డల్లాసులో ముందురోజు రాత్రి 8.30. ముఖము కనబడునట్లు మాటలాడు వీడియో కాలు మాకు అరుగైనది. ఫోనును బియ్యపు డబ్బాకు ఆనించి, ముఖము గాక చేతులు కనబడునట్లు నిలిపితిమి. వెలుతురు ఎదుటనుండి గాని ప్రక్కనుండి గాని పడవలెను. వెనుకనుండి వచ్చినచో గుడ్డ నల్లగా కనబడును. కూర్చున్నపుడెల్ల రెండు వరుసలు. ఒకతె కుట్టు వంకరపోయిన మిగిలిన ఇద్దరు చెప్పెడివారు. మొదటి వారములు వదిన మాటలాడలేదు, కుట్టెను. నాల్గవ వారమున అన్నగారి మాట తానై ఎత్తి, ఒక గంట చెప్పెను. మేము తలలెత్తలేదు.

ఫోను చేయలేని పనియు చెప్పవలెను. నాలుగు మూలలు పట్టి లాగుట దానిచేత కాదు. పరచునాడు వదిన పొరుగింటి పిల్లను పిలిచెను. ఆ పిల్లయే ప్రతి వారము పది సూదులకు దారమెక్కించి పెట్టెడిది. మా కన్నులకు అది పెద్ద సాయము. జూలై వచ్చుసరికి పిల్లకు గూడ కుట్టు వచ్చినది. వదిన బొంతకు పైన, అడుగున ఆమె చీర. నడుమ ఆయన పంచెలు.

పాతబట్టకు ఇట్లు మరల ప్రాణము పోయుట మన యొక్కరిదే కాదు. వంగదేశపు స్త్రీలు పాతచీరలను పేర్చి, వాని అంచులనుండి తీసిన రంగుదారముతో కాంథాలు కుట్టుదురు. అమెరికాలో అలబామా రాష్ట్రమున గీస్ బెండు అను నదివంపు పల్లెలోని నల్లజాతి స్త్రీలు, పొలములో తొడిగి అరిగిన బట్టలతో బొంతలు కుట్టిరి. 2002లో హ్యూస్టను నగరపు కళాప్రదర్శనశాల వానిని గోడలకెక్కించెను. 2006లో అవి ఆ దేశపు తపాలాబిళ్లలమీద గూడ ముద్రితములైనవి. చలికి కప్పుకొనుటకు కుట్టినవే అవియు.

ఇక గ్రామపెద్దలైన మీతో నా మనవి. స్టీలుగిన్నెకు మారుగా పాత నూలుచీరలను వేయునప్పుడు రెండింటిని ఆపి ఉంచుడు. మీ వీధిలో ఒంటరిగా నున్న ఇల్లాలికి ఫోను నిలుపుట, కాలు కలుపుట నేర్పుడని మీ మనుమలతో చెప్పుడు. ఆ గంటసేపు కాఫీకని ఆమెను పిలువకుడు. మరియొక జాగ్రత్త: కూర్చున్నపుడు తీసిన సూదులెన్నో ఎంచుకొని, లేచునపుడు మరల ఎంచవలెను. లెక్క సరిపోయిన గాని బొంతను పరచరాదు.

మొన్న సంక్రాంతికి మా ఊరు వెళ్లితిని. రాత్రి వదిన తన బొంతను నాకు కప్పి, తాను పెదనాన్నగారు పంపిన చీరల బొంతను కుట్టుచు కూర్చుండెను. అది ఎవరికని అడిగితిని. "ఆయనకే. చలికి తట్టుకోలేకపోతున్నారట" అనెను.