యంత్రపు స్వగతం: రోబో పోటీలలో స్థితిప్రదర్శన నియమం

ఉపోద్ఘాతం

రోబోల పోటీని తొలిసారి చూడవచ్చిన ప్రేక్షకునిది విచిత్రమైన చిక్కు. అంతా కళ్లముందే జరుగుతుంటుంది గాని ఏమి జరుగుతున్నదో బోధపడదు. ఫుట్‌బాల్ మైదానం మధ్య ఒక రోబో కదలకుండా నిలబడి ఉందనుకుందాం. అది బంతిని వెదుకుతున్నదా, తోటి ఆటగాడికి దారి విడిచిందా, రిఫరీ సంకేతం కోసం ఆగిందా, లేక చెడిపోయిందా? నాలుగింటికీ బయటి రూపం ఒక్కటే. మనిషి ఆటగాడైతే చూపు ఎటు తిరిగిందో, భుజం ఎటు వాలిందో చూసి సగం ఊహించుకోవచ్చు. యంత్రానికి ఆ ఆనవాళ్లు లేవు. లోపలి స్థితిని బయటికి తెలిపే ఏర్పాటు దానికి విడిగా అమర్చాలి. దీనిని స్థితిప్రదర్శన అనవచ్చు.

1997లో జపాన్‌లోని నగోయాలో జరిగిన మొదటి రోబోకప్‌లో 40కి పైగా జట్లు పాల్గొన్నాయి. 5,000 మందికి పైగా ప్రేక్షకులు వచ్చారు. 2050 నాటికి పూర్తిగా స్వయంచాలకమైన హ్యూమనాయిడ్ రోబోల జట్టు, ప్రపంచకప్ గెలిచిన మానవజట్టును ఓడించాలన్నది రోబోకప్ ప్రకటించుకున్న లక్ష్యం. ఇంత బహిరంగంగా ప్రతిజ్ఞ చేసిన రంగం, తన ప్రగతిని సామాన్యుడు ఎట్లా గుర్తుపట్టాలో కూడా చెప్పవలసి ఉంటుంది. చాలా పోటీలలో స్థితిప్రదర్శన తీరిక ఉన్న జట్టు చేసుకునే అలంకారంగానే మిగిలింది. అది నియమావళిలో చేరినచోట మాత్రమే ప్రేక్షకునికి నిజంగా ఉపకరించింది.

రంగస్థలం నేర్పిన మెలకువ

పాత్ర మనసులోని మాటను ప్రేక్షకునికి అందించడం నాటకానికి పాత సమస్య. సంస్కృత నాటకం దీనికి స్వగతం, జనాంతికం, అపవారితం అనే మర్యాదలు కల్పించుకుంది. జనాంతికంలో నటుడు త్రిపతాక హస్తాన్ని అడ్డుపెట్టి పక్కనున్న పాత్రతో మాట్లాడితే, రంగం మీది తక్కిన పాత్రలకు అది వినబడనట్టు లెక్క, ప్రేక్షకునికి వినబడుతుంది. ఈ సంకేతాన్ని ఏ నటుడూ తన ఇష్టం వచ్చినట్టు మార్చుకోడు. శాస్త్రం నిర్ణయించింది కనుకనే అది చదవదగిన సంకేతమయింది. కూచిపూడి భామాకలాపంలో సూత్రధారుడే మాధవిగా మారి సత్యభామను ప్రశ్నిస్తూ ఆమె విరహాన్ని సభకు తెలియజేస్తాడు. రోబో పోటీలకు కావలసినవి ఈ రెండే: అందరికీ ఒకేలా వర్తించే సంకేతం, లోపలి మాటను అడిగి రాబట్టే మాధవి.

దీపాల భాష

మొదటిదానికి మంచి ఉదాహరణ రోబోకప్‌లోని స్టాండర్డ్ ప్లాట్‌ఫామ్ లీగ్. 2008 నుంచి నావో రోబోలతో ఆడుతూ వచ్చిన ఈ విభాగంలో అందరి యంత్రాలూ ఒక్కటిగానే ఉండేవి. పోటీ అంతా ప్రోగ్రాములోనే. అక్కడి నియమావళి ప్రకారం రోబో ఛాతీ మీది దీపం ఆట స్థితిని చూపాలి. తమ స్థానాలకు నడుస్తున్నప్పుడు నీలం, ఆట మొదలవడానికి ముందు కదలకుండా ఆగినప్పుడు పసుపు, ఆట సాగుతున్నప్పుడు ఆకుపచ్చ, శిక్ష పడినప్పుడు ఎరుపు. ఎడమ పాదపు దీపం జట్టు రంగు చూపుతుంది. ఈ నాలుగు రంగులు తెలిసిన ప్రేక్షకునికి, కదలకుండా నిలబడిన రోబోను చూసి కలిగే సందేహాలలో సగం తీరిపోతాయి. ఆకుపచ్చ దీపంతో నిలబడిన రోబో ఏదో వెదుకుతున్నదో ఆలోచిస్తున్నదో అయి ఉండాలి; ఎర్రదీపంతో నిలబడినది శిక్ష అనుభవిస్తున్నది. మైదానం పక్కనున్న కంప్యూటర్ నుంచి వైర్‌లెస్‌లో వచ్చిన ఆజ్ఞ రోబోకు అందిందో లేదో రిఫరీకి తెలిసేదీ ఈ దీపంతోనే. అంటే ప్రేక్షకుని సౌకర్యమూ తీర్పు అవసరమూ ఇక్కడ ఒక్కచోట కలిశాయి. ఈ నియమం నిలదొక్కుకోవడానికి కారణం బహుశా అదే.

అదే రోబో కళ్ల చుట్టూ కూడా రంగు దీపాలు ఉంటాయి, కంటికి ఎనిమిదేసి. వాటిని చాలా జట్లు తమ పరీక్షల కోసం వాడుకుంటాయి: బంతి కనబడితే ఒక రంగు, కనబడకపోతే ఇంకొకటి. ఒక జట్టు రంగుల అర్థం మరొక జట్టుకు వర్తించదు. ప్రేక్షకునికి అవి మిణుకుమిణుకుమనే అందమే తప్ప మరేమీ కావు. ఛాతీ దీపం భాష, కంటి దీపం సొంత గుర్తు. స్మాల్ సైజ్ లీగ్‌లో ఇంకో తమాషా ఉంది. 18 సెంటీమీటర్ల వ్యాసం దాటని ఆ చిన్న రోబోల నెత్తిన రంగు చుక్కలు ఉంటాయి. అవి మైదానం పైన వేలాడే కెమెరాలు ఏ రోబో ఏదో గుర్తుపట్టడానికి పెట్టినవి. మనిషి కంటికి ఎంత ఆకర్షణీయంగా ఉన్నా అవి మనిషి కోసం పెట్టిన చుక్కలు కావు.

అమెరికాలో పాఠశాల విద్యార్థులు పోటీపడే ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో ప్రతి రోబోకూ నారింజ రంగు సంకేతదీపం తప్పనిసరి. రోబోకు విద్యుత్తు అంది, ఇంకా కదిలే అనుమతి రానప్పుడు దీపం నిలకడగా వెలుగుతుంది. అనుమతి రాగానే మినుకుతుంది. ఈ నియమానికి మూలం భద్రత. దగ్గరికి వెళ్లే మనిషికి ప్రమాదం ఉందో లేదో దూరం నుంచే తెలుస్తుంది. అయితే రోబో తనంత తాను నడుస్తున్నదా, డ్రైవరు నడుపుతున్నాడా అన్నది ఆ మినుకులో తెలియదు. ప్రతి మ్యాచ్ ఆరంభంలో కొన్ని సెకన్లు రోబో స్వయంగా నడుస్తుంది, తర్వాత విద్యార్థుల చేతికి వస్తుంది. చూసేవారికి మాత్రం దీపం ఒకే తీరున మినుకుతుంది. ఇటువంటి తేడాకు రోడ్ల మీద ఇప్పటికే గుర్తింపు మొదలైంది. కారు తనంత తాను నడుస్తున్నదని బయటివారికి తెలిపే నీలి-ఆకుపచ్చ దీపాలు అమర్చుకోవడానికి 2023లో కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాలలో మెర్సిడెస్ బెంజ్‌కు అనుమతి లభించింది.

నమ్మకం, వాస్తవం

దీపం స్థితిని చెప్పగలదు గాని కారణాన్ని చెప్పలేదు. కారణం చెప్పాలంటే రోబో ఏమి నమ్ముతున్నదో చూపాలి.

స్టాండర్డ్ ప్లాట్‌ఫామ్ లీగ్‌లో 2012 నుంచి రెండు గోల్‌పోస్టులూ ఒకే రంగులోకి వచ్చాయి. దానితో మైదానం ఇటు నుంచి చూసినా అటు నుంచి చూసినా ఒక్కలాగే ఉంటుంది. కిందపడి లేచిన రోబో దిక్కు తప్పితే, తాను ఉన్నచోటుకు సరిగ్గా అద్దంలో ప్రతిబింబంలాంటి చోట ఉన్నాననుకోవచ్చు. అప్పుడది బంతిని ఎంతో నిబ్బరంగా నడిపించుకుంటూ తన సొంత గోల్ వైపే వెళ్తుంది. ప్రేక్షకులు నవ్వుతారు. వారికి కనబడింది తెలివితక్కువ యంత్రం. పక్కనే ఒక తెర మీద ఆ రోబో తనను తాను ఎక్కడ ఉన్నట్టు భావిస్తున్నదో కనబడితే దృశ్యం మారిపోతుంది: ఎత్తుగడ సరైనదే, తన్నిన తీరు సరైనదే, దిక్కు ఒక్కటే తప్పు. హాస్యం కాస్తా దుష్యంతుని మరపువంటిదవుతుంది. రాజుకు తెలియనిది సభకు తెలుసు. నాటకమంతా ఆ ఎడం మీదనే నడుస్తుంది.

ఈ విభాగంలో అటువంటి తెరకు కావలసిన సమాచారం గాలిలో ప్రయాణిస్తూనే ఉంది. రోబో గేమ్ కంట్రోలర్‌కు పంపే సందేశంలో, తాను కిందపడిందా లేదా, మైదానంలో ఎక్కడ ఏ దిక్కుగా ఉన్నాననుకుంటున్నది, బంతిని చివరిసారి చూసి ఎన్ని సెకన్లయింది, బంతి తనకు ఎంత దూరంలో ఉందనుకుంటున్నది అనే అంశాలు ఉంటాయి. జట్ల సందేశాలను మైదానపు బొమ్మ మీద చూపే టీమ్ కమ్యూనికేషన్ మానిటర్ అనే ప్రోగ్రామూ ఉంది. ‘బంతిని చూసి ఎన్ని సెకన్లయింది’ అన్న ఒక్క అంకె చాలు, నిలబడిన రోబో ఎందుకు నిలబడిందో చెప్పడానికి.

మాధవి పాత్ర పోషించిన యంత్రాలు ఇంతకుముందూ లేకపోలేదు. 1990ల చివర రోబోకప్ సిమ్యులేషన్ లీగ్‌కు వ్యాఖ్యానం చెప్పే మూడు ప్రోగ్రాములు తయారయ్యాయి: జపాన్‌లో బర్న్, మైక్, జర్మనీలో రొక్కో. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవారు ఐబో రోబోకుక్కల ఆటకు రెండు హ్యూమనాయిడ్ రోబోల చేత వ్యాఖ్యానం చెప్పించారు. సిమ్యులేషన్ వ్యాఖ్యాతలకు ఆట సమాచారం సర్వర్ నుంచి అందేది. సర్వర్‌కు అందరి వాస్తవ స్థానాలూ తెలుసు. కనుక అవి జరిగినదాన్ని చెప్పాయి. ఆటగాడు ఏమనుకుని అట్లా చేశాడో వాటికి తెలియదు. క్రీడావ్యాఖ్యానంగా అవి గొప్పవే. సత్యభామను ప్రశ్నించిన మాధవి మాత్రం కావు.

నియమం ముందున్న అభ్యంతరాలు

స్థితిని తప్పనిసరిగా వెల్లడించమంటే జట్లు అడిగే మొదటి ప్రశ్న రహస్యం గురించి. ప్రత్యర్థి తెర చూసి మన ఎత్తు కనిపెడితే? స్వయంచాలక విభాగాలలో ఈ భయానికి బలం తక్కువ. ఆట మధ్యలో మనిషి జోక్యం నిషిద్ధం కనుక తెర చూసిన మనిషి రోబోకు చెప్పగలిగేది ఏమీ ఉండదు. మనుషులు నడిపే పోటీలలో భయం న్యాయమైనదే. అక్కడ కొన్ని సెకన్లు ఆలస్యంగా చూపితే సరిపోతుంది. రెండవ అభ్యంతరం వైర్‌లెస్ రద్దీ. ఇది నిజమైన ఇబ్బంది. అయితే పైన చెప్పిన సందేశం కొద్ది బైట్లే. దృశ్యాలను పంపమంటేనే కష్టం.

మూడవది ఎవరూ అంతగా ప్రస్తావించనిది, అన్నిటికన్నా లోతైనది. ప్రేక్షకుని కోసం చూపేది, రోబో నిర్ణయానికి వాడుకున్నదే అని ఎవరు హామీ ఇస్తారు? ఆగిపోయిన రోబో తెర మీద ‘ఆలోచిస్తున్నాను’ అని రాయడం ఏ విద్యార్థికైనా ఐదు నిమిషాల పని. అందుకే నియమం ‘ఏదైనా చూపండి’ అనకూడదు. నిర్ణయం తీసుకునే భాగం చదివిన విలువలనే బయటికి పంపాలనీ, మ్యాచ్ తర్వాత రికార్డుతో సరిచూస్తామనీ చెప్పాలి. లేకపోతే స్వగతం కాస్తా ప్రగల్భమవుతుంది.

నియమం లేనిచోట నష్టం ఎవరికన్నది 2015 జూన్‌లో కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన డార్పా రోబోటిక్స్ ఛాలెంజ్ తుదిపోటీలో చూడవచ్చు. గెలిచిన కొరియా రోబో డీఆర్‌సీ హ్యూబో ఎనిమిది పనులను 44 నిమిషాల 28 సెకన్లలో పూర్తిచేసింది. ఆపరేటర్లు మైదానానికి దూరంగా, రోబో కంటికి కనబడనిచోట ఉన్నారు. మధ్యలో సమాచార ప్రసారాన్ని నిర్వాహకులే కావాలని తెగగొట్టేవారు. తలుపు ముందు రోబో నిమిషాల తరబడి ఆగిందంటే కారణం ఆ తెగిన ప్రసారం కావచ్చు, ఆపరేటరు తటపటాయింపు కావచ్చు. ప్రపంచమంతా తిరిగిన వీడియోలు మాత్రం రోబోలు పడిపోయినవి. పడటానికి అర్థం చెప్పనక్కరలేదు, ఆగడానికి చెప్పాలి.

తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల టెక్నికల్ ఫెస్టులలోనూ ఈ సమస్య చిన్న రూపంలో ఉంది. రిమోట్‌తో నడిపే రోబో సాకర్ చుట్టూ జనం మూగుతారు. తనంత తాను దారి పట్టుకుని పోయే లైన్ ఫాలోయర్ మలుపు దగ్గర ఆగి సెన్సార్లతో గీతను వెదుకుతుంటే ‘ఆగిపోయింది’ అని పక్కకు వెళ్లిపోతారు. ఎక్కువ కష్టపడిన జట్టుకు తక్కువ చప్పట్లు. మూడు రంగుల ఎల్‌ఈడీ దీపం ఒకటి నియమావళిలో చేర్చడానికి పెద్ద ఖర్చు లేదు: గీత దొరికితే ఆకుపచ్చ, వెదుకుతుంటే పసుపు, మనిషి చేయి పడితే ఎరుపు. ఆ మూడు రంగుల అర్థాన్ని తెలుగులో రాసిన అట్టముక్క ఒకటి ట్రాక్ పక్కన నిలబెట్టాలి.