స్ప్రింగు పొట్టిదైనచో కుదుపు ఎక్కడికి పోవును?

నల్లగొండ జిల్లాలో మిర్యాలగూడ వైపునుండి నాగార్జునసాగరమునకు పోవు దారిపై హాలియా ఉన్నది. చుట్టును సాగరు ఎడమ కాలువ క్రింది వరి పొలములు. ఇక్కడ తిరుగు కారునకు అన్ని దారులు ఒక్క తీరుగా ఉండవు. కొంతదూరము నున్నని తారు రోడ్డు. ఊరు రాగానే స్పీడు బ్రేకరు. పొలమువైపు తిరిగినచో ట్రాక్టరు చక్రములు చేసిన గాళ్లు, వాని నడుమ ఎత్తుగా మిగిలిన మట్టి. ఇట్టి దారులను తలచియే తయారీదారులు కారును నేలకు కొంత ఎత్తున నిలుపుదురు.

అయితే తమ కారు పందెపు కారువలె నేలకు దగ్గరగా కనబడవలెనని కోరువారు కొందరు గలరు. వారు కారుతో వచ్చిన స్ప్రింగులను తీయించి, బజారులో విడిగా దొరకు పొట్టి స్ప్రింగులను, గట్టి స్ట్రట్లను వేయింతురు. ఇందువలన లాభమెంత? నష్టమెంత? ఉన్నత పాఠశాలలో నేర్చు భౌతికశాస్త్రముతోనే దీనిని లెక్కించి చూడవచ్చును.

స్ప్రింగు పని, స్ట్రట్ పని

ఎడ్లబండికి ఇరుసుపైననే తొట్టి కూర్చుండును. అందుచే చక్రమునకు రాయి తగిలిన దెబ్బ యంతయు బండిలోని మనిషికి చేరును. జట్కాకును, లారీకిని ఇనుప కమానులు అమర్చుటచే ఈ దెబ్బ తగ్గినది. 2014 వరకు మన దేశమున తయారైన అంబాసిడరు కారు వెనుక చక్రములపైన కూడ ఈ కమానులే ఉండెడివి. నేటి చిన్న కార్లలో ముందు చక్రమునకు చుట్ట స్ప్రింగును, దాని నడుమ నిలువుగా స్ట్రట్‌ను అమర్చుదురు. ఈ ఏర్పాటునకు రూపమిచ్చినవాడు ఎర్ల్ మెక్‌ఫర్సన్ అను అమెరికా ఇంజనీరు. 1950లో ఇంగ్లండున వెలువడిన ఫోర్డు కాన్సల్, జెఫిర్ కార్లలో ఇది కనబడినది. 1983లో వచ్చిన మారుతి 800 ముందు చక్రములకును ఇదియే ఆధారము.

స్ప్రింగును ఎంత బలముతో నొక్కిన అంత కుంగునని రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. కాని స్ప్రింగు కుదుపును మ్రింగివేయదు. దాచి, మరల తిరిగి యిచ్చును. ఒక్క స్ప్రింగే ఉన్నచో గుంత దాటిన తరువాత కూడ కారు చాలసేపు ఊగుచుండును. ఆ ఊపును అణచునది స్ట్రట్. దానిలోని ముషలకము చమురును సన్నని రంధ్రములగుండ నెట్టును. ఊపులోని శక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోవును.

లెక్క ఏమి చెప్పుచున్నది?

ఉదాహరణకు, ఒక చక్రముపై 250 కిలోగ్రాముల భారమున్నదనుకొన్నచో, దాని స్ప్రింగును ఒక మిల్లీమీటరు కుంగించుటకు 20 న్యూటన్ల బలము కావలెననుకొనవలెను. కారు నిలిచియున్న స్థితినుండి స్ప్రింగు ఇంకను 80 మి.మీ. కుంగగలదు, ఆపైన రబ్బరు దిమ్మ అడ్డుపడును. ఇప్పుడు కారు ఎత్తును 35 మి.మీ. తగ్గించు గట్టి స్ప్రింగును వేసిరి. దీనికి మిల్లీమీటరునకు 28 న్యూటన్లు కావలెను. కుంగుటకు మిగిలిన దూరము 45 మి.మీ. మాత్రమే.

స్ప్రింగు దాచుకొను శక్తి దాని గట్టితనమును, కుంగిన దూరపు వర్గమును గుణించగా వచ్చినదానిలో సగము. మొదటి స్ప్రింగు రబ్బరు దిమ్మ తగులులోపల 64 జౌలుల కుదుపును పుచ్చుకొనగలదు. రెండవది పుచ్చుకొనునది 28 జౌలులు. స్ప్రింగు గట్టిదైనను దాని శక్తి సగముకంటె తక్కువకు పడిపోయినది! కారణము స్పష్టము: గట్టితనము ఒక్కమారే లెక్కకు వచ్చును, దూరము రెండుమార్లు వచ్చును. 45 మి.మీ. లోనే 64 జౌలులను పుచ్చుకొనవలెనన్నచో స్ప్రింగు గట్టితనము మిల్లీమీటరునకు 63 న్యూటన్లు, అనగా మొదటిదానికి మూడింతలకు పైగా ఉండవలెను. అట్టి కారులో కూర్చుండుట ఎడ్లబండిలో కూర్చుండుటవంటిదే. మిగిలిన కుదుపు రబ్బరు దిమ్మకు, స్ట్రట్ పైకొనకు, టైరునకు, తుదకు ప్రయాణికుల వెన్నెముకకు చేరును.

ఊగు వేగము కూడ మారును. మొదటి కారు సెకనునకు సుమారు 1.4 మార్లు ఊగును, రెండవది 1.7 మార్లు. పాత స్ట్రట్ ఒక ఊపు ముగియుసరికి కంపన పరిమితిని నూటికి 14 వంతులకు తగ్గించుచుండెనన్నచో, గట్టి స్ప్రింగుతో అదే స్ట్రట్ 19 వంతులకు మాత్రమే తగ్గించును. కావుననే స్ప్రింగు మార్చినప్పుడు దానికి తగిన స్ట్రట్‌ను కూడ మార్చవలెను.

లాభము లేకపోలేదు. గురుత్వ కేంద్రము 550 మి.మీ. ఎత్తునుండి 515కు దిగినచో, మలుపులో లోపలి చక్రములనుండి బయటి చక్రములకు మారు భారము నూటికి 6 వంతులు తగ్గును. గట్టి స్ప్రింగువలన కారు ప్రక్కకు ఒరుగుటయు తగ్గును. నున్నని పందెపు బాటపై ఇది విలువైనదే.

హాలియా దారిపై

గుండ్రని స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండవలెనని భారత రోడ్డు కాంగ్రెసు నిర్దేశించినది. గంటకు 25 కిలోమీటర్ల వేగమున దాటుటకు ఇది అనువైనది. ముందు వెనుక చక్రముల నడుమ 2.45 మీటర్ల దూరమున్న కారు దానిపై నడిమికి వచ్చినపుడు, అడుగున ఖాళీ 44 మి.మీ. తగ్గును. 170 మి.మీ. ఖాళీగల కారునకు అప్పుడు 126 మిగులును; దించిన కారునకు 91. కాని ఊళ్లలోని మెట్టలన్నియు ఈ కొలతకు ఉండవు. గాళ్ల నడుమ మట్టి 140 మి.మీ. ఎత్తున్నచో మొదటి కారు దాటిపోవును. దించిన కారు అడుగు రాచుకొనును. అక్కడనే ఇంజను చమురు పాత్ర ఉండును. ఇంటిల్లిపాదియు ఎక్కి, వెనుక బియ్యపు బస్తా వేసినచో ఖాళీ ఇంకను తగ్గును.

అరిగిన స్ట్రట్లను మార్చుట మాత్రము వేరు విషయము; అది అవసరమైన పని. నిలిచియున్న కారు మూలను నొక్కి వదలినచో ఒకమారు లేచి కుదురుకొనవలెను. పలుమార్లు ఊగినను, స్ట్రట్‌పై చమురు జారినను అది అరిగినదని అర్థము. అసలు ఎత్తునకే సరిపోవు మంచి స్ట్రట్లను వేసినచో కారు నిలకడ మెరుగుపడును. కుంగు దూరము తగ్గదు.

ఈ పనిని ఇంటివద్ద చేయరాదు. 150 మి.మీ. నొక్కియుంచిన అట్టి స్ప్రింగులో 225 జౌలుల శక్తి దాగియుండును. ఒక కిలోగ్రాము రాయి 23 మీటర్ల ఎత్తునుండి పడిన దెబ్బకు అది సమానము. తగిన బిగింపు సాధనముతో శిక్షణగల మెకానిక్కే దానిని విప్పవలెను. పిదప చక్రముల వాలును సరిచూడవలెను. తయారీదారు నిర్దేశించిన వివరములకు నమోదు పత్రము భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షన్ చెప్పుచున్నది. కనుక ముందుగా రవాణా కార్యాలయములో విచారించుట మేలు.

పాఠశాలలో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. స్ప్రింగునకు తూకపు రాయి కట్టి ఊపి, నిముషమునకు ఎన్ని ఊపులో లెక్కింపవలెను. పిదప రాయికి అడుగున ఒక రేకు బిళ్ల కట్టి, దానిని నీటి బకెట్టులో మునుగునట్లు ఊపవలెను. మొదటిది స్ప్రింగు గుణమును, రెండవది స్ట్రట్ గుణమును చూపును. రాయి క్రింద చేయి అడ్డుపెట్టి ఊగు దూరమును తగ్గించినచో, మిగిలిన దెబ్బ ఎవరికి తగులునో విద్యార్థికే తెలియును.