గుఱ్ఱము మోకాలు, మన మోకాలు

మొయినాబాదు ప్రాంతమున గుఱ్ఱపుస్వారి నేర్పు శాలలు కొన్ని యున్నవి. అచ్చట గుఱ్ఱమును చూచినవారు ముందుకాలి నడిమి కీలును జూపి, యిదియే దాని మోకా లందురు. అది సరికాదు. ఆ కీలు మన మణికట్టునకు సమానము. మన మోకాలికి సరియైన కీలు వెనుకకాలియందు, పొట్టప్రక్కను, తొడ చివర నున్నది. రైతులు తమ యెద్దునందును ఆ చోటనే చేయివైచి మోకాలిచిప్పను గుర్తింపవచ్చును.

ఈ కీలులో నెముకల కొనలను తెల్లగా, నునుపుగా కప్పియుండు పొరకు మృదులాస్థి యని పేరు. ఎముకలు రాచుకొనకుండ జేయునదియు, బరువును పంచునదియు నిదియే. దీని మందము మనుష్యుని మోకాలిలో సుమారు 2.2 మొదలు 2.5 మిల్లీమీటర్లు, గుఱ్ఱమునందు 1.75 మొదలు 2 మిల్లీమీటర్లు. 450 కిలోలు తూగు జంతువునకు మనకంటె పలుచని పొర చాలుట వింత కాదా!

మృదులాస్థిలో రక్తనాళములు లేవు, నరములును లేవు. కీలులోని జిగట ద్రవమే దాని కాహారము. కాలు కదలునపుడు పొర నొక్కుకొని విడచుటచే నాహారము లోనికి జేరును. కావున పొర యరుగుట మొదట తెలియదు. అరిగినది మరల మునుపటివలె పెరుగదు. 1743లోనే లండనులో విలియం హంటరు అను వైద్యుడు ఈ సంగతి వ్రాసెను. నేటికిని దానిని పూర్వస్థితికి దెచ్చు మందు లేదు. మందము సమీపముగా నుండుటచేతనే, మనుష్యులకు తలపెట్టిన చికిత్సలు కొన్నింటిని ముందుగా గుఱ్ఱముల కీళ్లయందు పరీక్షించుచున్నారు.

చేవెళ్ల తోటలలో క్యారెటు, కూరగాయల మళ్లయందు కలుపుతీయు స్త్రీలు గంటలకొలది గొంతుక్కూర్చుండి పనిచేయుదురు. లోతుగా వంగిన మోకాలిలో చిప్పవెనుక నొత్తిడి మిక్కుటమగును. గుఱ్ఱమునకీ బాధ లేదు. అది చిప్పను తొడయెముక గట్టునకు తగిలించి, కాలు బిగించుకొని, నిలువబడియే కునుకు తీయును. మనకట్టి గొళ్లెము లేదు. నిలిచి కలుపుతీయుటకు పొడవైన పిడిగల పనిముట్లు కలవు. సంఘములు ఎరువులతోపాటు వీనినిగూడ తెప్పించి సభ్యులకిచ్చుట మేలని మా యభిప్రాయము. మోకాలు వాచినను, ఉదయమున బిగిసినను, ఆలస్యము చేయక వైద్యునకు జూపవలెను.

చిప్ప తగులుకొనుట యెద్దులలోను బఱ్ఱెలలోను గూడ కలదు, కాని వానికది రోగము. చిప్ప గట్టుమీద జిక్కి దిగిరాక, వెనుకకాలు వెనుకకు చాచుకొనిపోయి, పశువు గిట్టను నేలకీడ్చి పిమ్మట కాలు నొక్కసారిగా లాగును. దీనిని దిష్టి యనుకొని వాతలు పెట్టించువారు కలరు. వాతవలన పుండే మిగులును. చిప్పను పట్టియుంచు మూడు బంధములలో లోపలిదానిని పశువైద్యుడు చిన్న శస్త్రచికిత్సచే కోసినచో, పశువు తఱచుగా వెంటనే సరిగా నడచును.